పడుకుని ఉండే మనిషికి ఎంత డేటా కావాలి

కుట్టు షాపు,
మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ

చిన్నీ,

ఇక్కడ అంతా క్షేమం అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి ఆ వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఆ కాగితాన్ని ఉండచుట్టి పారేశాను. క్షేమంగానే ఉన్నానులే, కంగారు పడకు. కాలే ఒకచోట నిలవడం లేదు. పొద్దున్నుంచి ఒకే ప్యాంటు అంచు కుడుతున్నాను, ఊడదీస్తున్నాను. ఆ ప్యాంటు ఆయన వచ్చి, అలాగే ఇచ్చేయండమ్మా, మడిచి వేసుకుంటాను అని పట్టుకుపోయాడు.

సంగతేమిటంటే, నేను విదేశం వెళ్తున్నాను. నవ్వకు. మా వీధి టీచరమ్మ, ఆవిడ స్నేహితురాళ్లు టూరు వెళ్తూ నన్నూ రమ్మన్నారు. వద్దనడానికి నాకు మొగుడా, పిల్లలా? పాస్‌పోర్టు కూడా వచ్చేసింది. అందులో ఫొటో చూస్తే, దొంగతనం కేసులో దొరికిన దానిలా ఉన్నాను.

ఇప్పుడు నీతో పని పడింది. విదేశం వెళ్లేవాళ్లకి ఫోన్లో నెట్ ప్లాన్లు అమ్మే కంపెనీలోనే కదా నువ్వు పనిచేసేది. సిమ్ కార్డు లేకుండానే సిమ్ వేసుకోవచ్చటగా, అదేదో ఈసిమ్ అట. అది నాకొకటి చూడు. టూరు పది రోజులే. ప్లాన్ మాత్రం రెండు నెలలు ఉండేలా చూడు. డేటా ఎక్కువ అక్కర్లేదు. అక్కడివాళ్లు నాకు ఫోన్ చేయడానికి అక్కడి నంబరు ఒకటి ఉండాలి.

ఫోన్ చేసి అడగొచ్చుగా అంటావు. రోజంతా చెవికి ఆ హెడ్‌సెట్ తగిలించుకుని ఊళ్లోవాళ్ల గోలంతా వింటావు. ఇంటికెళ్లాక ఫోన్ ముట్టుకోవద్దని చెవి డాక్టరు చెప్పాడాయె. పైగా మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే మాట అమ్మ పోయిన సంగతి దగ్గరికి వెళ్తుంది, అక్కణ్ణించి పోట్లాటకు వెళ్తుంది. ఉత్తరంలో అయితే నువ్వు ఎంత అరిచినా నాకు వినపడదు.

త్వరగా రాయి.

అక్క


ఆఫీసు క్యాంటీన్,
టీ బ్రేక్

అక్కా,

నువ్వు! విదేశం! పక్క వీధి పెళ్లికి రమ్మంటే కుట్టు మిషను ఒంటరిదైపోతుందని మానేసిన దానివి. నీ ఉత్తరం చదివి నవ్వుకుంటుంటే మా సూపర్‌వైజరు వచ్చి, కస్టమర్ ఎవరైనా మెచ్చుకున్నారా అని అడిగాడు. ఇక్కడ ఎవరైనా నవ్వితే అదొక్కటే కారణమై ఉండాలి మరి.

ఈసిమ్ అంటే భయపడాల్సిందేమీ లేదు. కార్డు ఉండదు. నేను నీకు ఒక గళ్ల బొమ్మ పంపుతాను, దాన్ని కోడ్ అంటారు. నీ ఫోన్‌తో దాన్ని స్కాన్ చేస్తే సిమ్ ఫోన్ లోపలే కూర్చుంటుంది. నీ పాత సిమ్ ఎక్కడికీ పోదు. ఒక్కటే గుర్తుపెట్టుకో: ఆ కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఏ ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ ఫోన్‌దే అవుతుంది. తర్వాత ఏడ్చి మొత్తుకున్నా ఇంకో ఫోన్‌లోకి రాదు. ఈ ముక్క నేను రోజుకు ఎన్నిసార్లు చెబుతానో లెక్కే లేదు.

ఇక ప్లాన్ సంగతి. టూరుకు వెళ్లేవాళ్లకి డేటానే కావాలి. మ్యాపులు చూసుకోవాలి, ఫొటోలు పంపుకోవాలి, దారి తప్పాలి, మళ్లీ మ్యాపు చూసుకోవాలి. పది రోజుల టూరుకు పదిహేను రోజుల ప్లాన్ చాలు. అన్‌లిమిటెడ్ తీసుకోకు, పేరుకే అన్‌లిమిటెడ్, కాస్త వాడగానే నత్తలా పాకుతుంది.

నాకు అర్థం కానిదల్లా ఇదే. పది రోజుల టూరుకు రెండు నెలల ప్లాన్ ఎందుకు? టూరుకు వెళ్లి డేటా వద్దనే మనిషిని నా సర్వీసులో చూడలేదు. అక్కడ నీకు ఫోన్ చేసేవాళ్లు ఎవరు? టీచరమ్మ పక్క సీట్లోంచి చేస్తుందా? ఇంతకీ ఏ దేశమో రాయలేదు. దేశం తెలియకుండా ప్లాన్ ఎలా ఇవ్వమంటావు?

చిన్ని


కుట్టు షాపు,
వాన పడుతోంది

చిన్నీ,

నువ్వు కస్టమర్లకి కూడా ఇన్ని ప్రశ్నలు వేస్తావా? వేస్తే మీ కంపెనీ ఎలా నడుస్తోందో నాకు తెలియదు.

రెండు నెలలు ఎందుకంటే, బట్ట కుట్టేటప్పుడు లోపల నాలుగు వేళ్ల గుడ్డ వదులుతాం. మనిషి లావవ్వొచ్చు, చిక్కొచ్చు. అలాగే ఇదీను. డేటా ఎందుకు వద్దన్నానంటే, పడుకుని ఉండే మనిషికి ఎంత డేటా కావాలి చెప్పు? అక్కడ గదిలో వైఫై ఉంటుందట, నర్సమ్మలు కూడా మంచివాళ్లేనట. దేశం పేరు విడిగా చీటీ మీద రాసి పెడుతున్నాను.

షాపు తాళాలు పక్క జిరాక్స్ ఆయనకి ఇస్తున్నాను. ఇచ్చినవాళ్ల బట్టలన్నీ తిరిగి ఇచ్చేశాను. కుట్టినవి కుట్టినట్టు, కుట్టనివి కుట్టనట్టు. షాపు ఖాళీగా ఉంటే అటూ ఇటూ తిరగడానికి చోటు బాగానే ఉంది. తిరుగుతూనే ఉన్నాను. రాత్రి నిద్ర లేదు, పగలు ఆకలి లేదు. షుగర్ పరీక్ష చేయించుకున్నాను, కాస్త ఎక్కువే ఉందిగానీ పర్వాలేదన్నారు.

కోడ్ త్వరగా పంపు. ఎక్కువ ఆలోచించకు.

అక్క


నా గది,
తలుపు గడియ వేసి

అక్కా,

ఎక్కువ ఆలోచించకు అన్నావు కదా, అందుకే ఆలోచించాను.

టూరులో నర్సమ్మలు ఎందుకుంటారు? టూరులో మనిషి పడుకుని ఎందుకుంటుంది? నువ్వు ఉత్తరం రాసి అంటించేముందు ఒక్కసారైనా చదువుకోవా? టీచరమ్మకి ఫోన్ చేశాను. డాక్టరు తిడితే తిట్టనీ. ఆవిడ ఏ టూరూ లేదంది. పాపం నా మాటకి ఆవిడే కంగారుపడి, నిన్ను ఎవరైనా మోసం చేస్తున్నారేమో చూసుకోమంది.

చీటీ మీద ఉన్న దేశం పేరు చూసి ఇంకోసారి చూశాను. ఆ దేశంలో మనకు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. నీ తమ్ముడు.

ఆయనగారికి ఏమైంది? ఆసుపత్రిలో పడుకోబోయేది ఆయనా, నువ్వా? నాకు నిజం రాయి. రాయకపోతే ప్లాన్ లేదు, కోడ్ లేదు. ఇవాళ ఒక కస్టమర్ మీద అరిచాను కూడా.

చి.


కుట్టు షాపు,
ఖాళీ బల్ల మీద

చిన్నీ,

సరే, విను.

వాడికే, మన కరెంటోడికి, రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారంలో సగం రోజులు యంత్రానికి కట్టేసి రక్తం శుభ్రం చేస్తున్నారు. ఆ నాటకాల కంపెనీలో లైట్లు వేసే పని ఎప్పుడో మానేశాడు. నిచ్చెనెక్కే ఓపిక ఎక్కడిది? ఎవరిదైనా ఒక కిడ్నీ పెట్టాలట. రక్త సంబంధం అయితే మంచిదట. నా గ్రూపు, వాడి గ్రూపు ఒకటే. ఇక్కడ చేసే పరీక్షలన్నీ చేయించుకున్నాను, చివరివి అక్కడ చేస్తారు. అన్నీ సరిపోతే వాళ్లు కోస్తారు, నేను ఇస్తాను, ఇద్దరం కొన్నాళ్లు పడుకుంటాం. రెండు నెలలు అందుకు.

నీకు ఎందుకు చెప్పలేదో నీకు తెలుసు. అమ్మ పోయిన దగ్గర్నుంచి నువ్వు వాణ్ణి అన్నయ్య అనడం మానేశావు. 'నీ తమ్ముడు' అంటావు, వాడు నాకొక్కదానికే పుట్టినట్టు. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తానని అమ్మకి మాటిచ్చి, తీరా ఆవిడకి ఆఖరి రోజులొచ్చేసరికి చేయలేదు. ఆవిడ ఫోన్ చేతిలో పట్టుకునే పోయింది. నిజమే, నేనూ అక్కడే ఉన్నాను. వాడు తర్వాత వచ్చి, కంపెనీ దేశం మారింది, సిమ్ పనిచేయలేదు, సిగ్నల్ లేదు అని ఏడ్చాడు. నువ్వు నమ్మలేదు. నమ్మానని నేనూ చెప్పను. కానీ నాకు వాడు కావాలి.

నిన్నేమీ అడగడానికి రాయడం లేదు. నువ్వు అడిగావు కాబట్టి చెప్పాను.

అక్క


ఆఫీసు క్యాంటీన్

అక్కా,

కోడ్ పంపాను. రెండు నెలలది, అక్కడి నంబరుతో. ఇవి గుర్తుపెట్టుకో.

విమానం ఎక్కేముందే నీ పాత సిమ్‌కి రోమింగ్ ఆపెయ్యి, లేకపోతే బిల్లు చూసి గుండె ఆగుతుంది. నీ ఫోన్‌లో ఉన్న కోడ్‌ని అదే ఫోన్ స్కాన్ చేయలేదు. జిరాక్స్ ఆయన దగ్గర కాగితం మీద ప్రింటు తీయించుకుని, దాన్ని నీ ఫోన్‌తోనే స్కాన్ చెయ్యి. నువ్వు దిగే రోజు సెలవు పెడుతున్నాను. కొత్త నంబరుకు నేనే చేస్తాను. ఎత్తాలి.

సిగ్నల్ లేదన్నాడుగా. అక్కా, రోజంతా నేను వినే మాట అదే. భార్య ఫోన్ ఎత్తని మొగుళ్లూ, ఆఫీసు ఫోన్ ఎత్తని ఉద్యోగులూ అందరూ అదే చెబుతారు. మా సిస్టమ్‌లో చూస్తే సిగ్నల్ శుభ్రంగా ఉంటుంది. అందుకే నేను నమ్మను.

నీ కిడ్నీ నీ ఇష్టం. నేను ఆపను. ఆ మనిషి గురించి మాత్రం నాకు రాయకు.

చి.


నా గది,
నువ్వు దిగిన రోజు

అక్కా,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఇదంతా నీకు సగం తెలిసే ఉంటుంది. మిగతా సగం నేను రాయాలి. లేకపోతే నాకు అన్నం దిగేలా లేదు.

నువ్వు దిగే వేళకి ఆ నంబరుకు చేశాను. మొదటి రింగుకే ఎత్తారు. మగ గొంతు. రాంగ్ నంబర్ అనుకుని సారీ చెప్పబోయాను. "చిట్టెలుకా, నువ్వేనా?" అన్నాడు. ఈ భూమ్మీద నన్ను అలా పిలిచేవాడు ఒక్కడే. ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక నా వృత్తి నాకు గుర్తొచ్చింది. ఆ నంబరు ఆయన చేతిలో ఉందంటే కోడ్ స్కాన్ చేసింది ఆయన. అంటే నీ ఫోన్‌లో ఏ సిమ్మూ లేదు, పాతదానికి రోమింగ్ నేనే ఆపించాను. ఎయిర్‌పోర్టు వైఫై అందుకుందామంటే దానికి నంబరుకు ఓటీపీ రావాలి. నువ్వు ఆ దేశంలో ఇటుకముక్కలాంటి ఫోన్ పట్టుకుని నిలబడ్డావు. ఎందుకు పంపావే ఆయనకి? నాకు తెలుసులే ఎందుకో. చిన్నప్పట్నుంచీ ఇంట్లో తీగ ఉన్న వస్తువు ఏది వచ్చినా ముందు వాడి చేతిలో పెట్టి, "సరిగ్గా ఉందో లేదో చూడరా" అనడం నీకు అలవాటు. దీనికి తీగ కూడా లేదు కదే!

మళ్లీ చేశాను. ఎలా మాట్లాడాలో తెలియక ఆఫీసు గొంతు తెచ్చుకున్నాను. "సార్, ఆ కోడ్ మీరు స్కాన్ చేశారా?" అన్నాను. "చేశానండీ, చూసి చెప్పమంది, నొక్కితే ఎక్కేసింది" అన్నాడు. ఎయిర్‌పోర్టులోనే ఉన్నానన్నాడు. జనమంతా వెళ్లిపోయారు, అక్క రాలేదన్నాడు.

నీ పాత నంబరుకు ఒకపక్క చేస్తూనే ఉన్నాను. అందుబాటులో లేరు, అందుబాటులో లేరు. నీ మీద పీకలదాకా కోపం వచ్చింది. ఎవరి ఫోనైనా అడిగి చేయకూడదా, నేను ఇక్కడ చస్తున్నానని తెలియదా అనుకున్నాను. గదిలో కిటికీకి, మంచానికి మధ్య తిరిగి తిరిగి కాళ్లు పీకాయి.

ఆయనకి దారి చెప్పాను. ఎంక్వయిరీ కౌంటర్‌కి వెళ్లండి, మైకులో చెప్పించండి, బయటికి వచ్చే దారులు ఇంకెన్ని ఉన్నాయో అడగండి. నడుస్తున్నాడు. అక్కా, ఆ ఊపిరి! నాలుగు అడుగులు వేసి ఆగుతున్నాడు, గోడకు ఆనుకుంటున్నట్టున్నాడు, మళ్లీ వేస్తున్నాడు. "కూర్చోండి సార్" అన్నాను. "అక్క దొరకనీ" అన్నాడు. "కూర్చోమన్నానా, కూర్చో!" అని అరిచాను. కూర్చున్నాడు. నేను ఫోన్ పెట్టెయ్యొచ్చు, పెట్టలేదు. తర్వాత లేచాడు.

అవతలి గేటు దగ్గర సూట్‌కేసు మీద కూర్చుని కనిపించావట. "దొరికింది, చిట్టెలుకా" అన్నాడు. ఆ వెంటనే నీ గొంతు వినపడింది, "ఒరేయ్, ఇలా అయిపోయావేమిట్రా" అని. నేను ఫోన్ పెట్టేశాను. నీతో కూడా మాట్లాడకుండా పెట్టేశాను. ఎందుకో నన్నడక్కు.

చి.


వాడి వంటగది,
గ్యాస్ మీద గంజి

చిన్నీ,

నీ ఉత్తరం వాడికి చదివి వినిపించలేదు. వాడే లాక్కుని చదివాడు. "సార్ అని ఇంకెవరూ ఇంత కోపంగా పిలవరక్కా" అని నవ్వాడు. నవ్వితే మొహంలో పళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు, అంత చిక్కిపోయాడు. నేను తెచ్చిన చొక్కాలన్నీ వాడికి గోనెసంచుల్లా వేలాడుతున్నాయి. కూర్చుని ఒక్కొక్కటే బిగిస్తున్నాను. లోపల గుడ్డ మాత్రం కత్తిరించడం లేదు, మళ్లీ ఒళ్లు చేస్తాడుగా.

నీ ప్లాన్ వాడి ఫోన్‌లోనే ఉంది. నాకు ఇంటి వైఫైతో సరిపోతోంది. ఆ సిమ్ తీసెయ్యరా, అనవసరంగా బ్యాటరీ తింటుంది అంటే తీయనన్నాడు. దాంట్లోనే నీ గొంతు వచ్చిందట.

ఎవరి ఫోనూ అడగలేదని నన్ను తిట్టుకున్నావు కదా. అడిగాను. తుడిచే పనావిడ పాపం వెంటనే ఇచ్చింది. నీ నంబరు గుర్తులేదు. వాడిదీ గుర్తులేదు. అన్నీ ఆ ఇటుకముక్కలోనే ఉన్నాయి, దాన్ని తెరిచి చూడాలని కూడా తోచలేదు. బుర్ర మొద్దుబారింది. నోటికి వచ్చిన నంబరు ఒక్కటే, మన పాత ఇంటి ల్యాండ్‌లైన్. అదే కొట్టాను. ఆ నంబరు లేదని ఫోన్‌లో ఎవరో ఏదో భాషలో చెప్పారు. మళ్లీ కొట్టాను. లేని ఇంటికి ఎందుకు చేస్తున్నానో నాకే తెలియదు. ఆ ఇంట్లో అమ్మ ఎత్తుతుందనుకున్నానేమో.

వాడితో ఇది చెప్పి నవ్వుదామనుకున్నాను. వాడు నవ్వలేదు. తల దించుకుని, "అమ్మ పోయిన రోజు, మా కంపెనీ ఓడ దిగిన రేవులో నేనూ అదే కొట్టానక్కా" అన్నాడు. సిమ్ పనిచేయలేదట, ఫోన్ చచ్చిపోయిందట, ఎవరినో బతిమాలి కొడితే వాడి నోటికీ అదొక్కటే వచ్చిందట. అప్పటికే ఆ లైన్ తీసేయించి ఎంత కాలమైందో. తెల్లారేదాకా అదే కొట్టాడట. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదురా అంటే, లేని నంబరు కొట్టానని చెబితే ఎవరు నమ్ముతారు అన్నాడు. నేను నమ్మాను. నేనూ కొట్టాను కాబట్టి.

ఇంకో మాట. రాయకూడదనుకున్నాను, కానీ ఒకసారి దాచి చూశాను, నీ దగ్గర దాగలేదు. నా కిడ్నీ పనికిరాదన్నారు. షుగర్ కాస్తే కదా అనుకున్నాను. ఇక్కడి డాక్టరమ్మ రిపోర్టులు చూసి తల అడ్డంగా ఊపింది. ఇస్తే నాకే ప్రమాదమట. వాడు హమ్మయ్య అన్నాడు, వెధవ. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

వేరేవాళ్ల కిడ్నీ కోసం ఆసుపత్రిలో పేరు రాయించాడు. ఎప్పుడు పిలుస్తారో తెలియదట. పిలుపు వచ్చేదాకా యంత్రమే. కొన్నాళ్లు వండిపెట్టి వస్తాను. కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కుట్టడానికి చొక్కాలు కూడా అయిపోయాయి.

నిన్ను అడగడం లేదు. ఈ మాట ఇప్పటికి రెండుసార్లు రాశాను, నాకూ తెలుసు.

అక్క


ఆసుపత్రి ల్యాబు,
వరుసలో కుర్చీ

అక్కా,

ఒక కస్టమర్‌కి ప్లాన్ కావాలి. ఏ దేశమో నీకు తెలుసు. రెండు నెలలు కావాలి, అక్కర్లేకపోతే మిగిలిపోనీ. డేటా ఎక్కువ అక్కర్లేదు, పడుకుని ఉండే మనిషికి ఎంత కావాలి?

పొద్దున రక్తం ఇచ్చాను. గ్రూపు సరిపోయిందని ఇప్పుడే చెప్పారు. మిగతా పరీక్షలకి రేపు మళ్లీ రావాలి. షుగర్ లేదు, బీపీ లేదు. ఉన్న రోగమల్లా చెవిలోనే, దాన్ని ఎవరూ అడగరు. డాక్టరు, బాగా ఆలోచించుకున్నారా అన్నాడు. లేదండీ, ఆలోచిస్తే కాళ్లు ఆగడం లేదు, అందుకే వచ్చాను అన్నాను. ఆయనకి అర్థమైనట్టు లేదు. భయంగా ఉంది అక్కా. సూది చూస్తేనే కళ్లు మూసుకునే దాన్ని.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివాక మొదటి కాల్, ఒక పెద్దాయనది. దిగగానే సిగ్నల్ రాలేదు, ఇంట్లోవాళ్లు నమ్మడం లేదమ్మా అన్నాడు. సిస్టమ్ తెరవకుండానే, నేను నమ్ముతున్నాను సార్ అన్నాను. అన్నాక హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాను. సూపర్‌వైజరు ఇంకా నన్ను వెతుకుతున్నాడేమో.

కోపం పోయిందని రాయను. పోలేదు. ఇన్నేళ్ల కోపం, ఎదురుగా కూర్చుని తిట్టాలి. తిట్టాలంటే మనిషి ఉండాలి కదా.

ఈసారి కోడ్ ఎవరికీ పంపను. నేనే ప్రింటు తీసుకుంటాను, నేనే స్కాన్ చేసుకుంటాను. చూసి చెప్తానని ఎవరూ అనొద్దు. మీ ఇద్దరి నంబర్లూ బట్టీ పట్టాను, బస్సులో పైకే చదువుతుంటే పక్కావిడ లేచి వేరే సీట్లోకి వెళ్లింది. అయినా సిగ్నల్ రాకపోతే, గేటు దగ్గర కదలకుండా నిలబడతాను. అన్నయ్యని ఎక్కువ నడవొద్దని చెప్పు. కూర్చోమని చెప్పు. నేనే వస్తాను.

చిట్టెలుక